వెనక షెడ్డు పిల్లలు

“ఆడుకుంటా ఆడుకుంటా మిల్లులోకి దూరింది. లేబర్ ఆఫీసరమ్మ వచ్చినంక నేను ఇదే సెప్తా. నువ్వు నన్నేమన్నా అనుకో వదినా,” అంది ప్రేమలత.

హుసేనమ్మ మంచం వైపు చూసింది. మంచం మీద ప్రేమలత కూతురు రాణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కట్టు కొసన వేళ్లుండవలసిన చోట గుండ్రంగా దూదిముద్ద. పత్తిలోంచి గింజ తీసే యంత్రంలో పడి నలిగిన ఆ చేతికి డాక్టర్లు బొటనవేలొక్కటే నిలబెట్టగలిగారు. నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి మేనత్త హుసేనమ్మ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. నిద్రపోతోందో, కళ్లు తెరుచుకుని వింటోందో తెలియడం లేదు.

“పన్నెండేండ్ల పిల్ల పెద్దకడుబూరు కాడి నుంచి ఆదోని దాకా ఆడుకుంటా వస్తుందా?” హుసేనమ్మ మెల్లగా అడిగింది.

“రాదు. నీకు తెల్సు, నాకు తెల్సు. వచ్చే ఆఫీసరమ్మకూ తెల్సుంటాది. కన్నతల్లి సెప్పినంక రాసుకోక ఏం సేస్తుంది?”

ప్రేమలత గొంతులో కోపం లేదు. కోప్పడే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది. మిరపకాయల కోతకు మొగుడు గిడ్డయ్యతో కలిసి గుంటూరు వైపు సుగ్గికి వలసపోయిన మనిషి. కూతుర్ని ఊళ్లో ముసలి అత్త దగ్గర వదిలి పోయింది. బడికి పోతోందనే అనుకుంది. కబురు తెలియగానే కట్టుబట్టలతో బస్సెక్కింది. గిడ్డయ్యను మాత్రం కోత అయ్యేదాకా మేస్త్రీ కదలనివ్వలేదు. కూతురి చేయి ఇలా అయిందని విని కూడా ఆ తండ్రి ఎవరి పొలంలోనో మిరపకాయలు కోస్తున్నాడు.

ఆసుపత్రికి మిల్లు సూపర్‌వైజర్ ధనుంజయ వచ్చి మాట్లాడి పోయాడట. చేతికి ఇంకో ఆపరేషన్ కావాలి, అది కర్నూలులో చేయించాలి, ఆ బాధ్యత మిల్లు చూసుకుంటుంది అన్నాడట. పిల్ల పనికి వచ్చిందన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. వస్తే కోర్టులో తేల్చుకోండి అని, ఆ చివరి మాట కూడా చాలా మర్యాదగానే చెప్పాడట.

హుసేనమ్మ మరదలి పక్కన నేలమీద కూర్చుంది. చట్టముందని చెప్పింది. ఆపరేషన్ చేయించకుండా మిల్లు తప్పించుకోలేదని, పిల్లను పనిలో పెట్టుకున్నందుకు సావుకారి బాలకృష్ణయ్య మీదే కేసు నడుస్తుందని, యూనియన్ అంతా వెనక నిలబడుతుందని చెప్పింది. మిల్లు గేటు ముందు ఎందరో ఆడవాళ్లకు చెప్పిన మాటలే. ఈ ఇంట్లో చెబుతుంటే అవి తన చెవికే పలచగా వినిపించాయి.

ప్రేమలత అంతా విన్నది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నిన్ను పనిలోనుంచి తీసేసి ఏడాదాయె వదినా. నీ పనే నీకు తెచ్చియ్యలేదు ఆ యూనియన్. నా బిడ్డ సెయ్యి తెచ్చిస్తుందా?”

బయట హుసేనమ్మ మొగుడు ఈరేష్ ఆటో కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. బకెట్టు, నీళ్లు, మళ్లీ బకెట్టు.

పత్తి మిల్లు ఆడవాళ్లను కూడగట్టి యూనియన్ పెట్టింది హుసేనమ్మే. అధ్యక్షురాలు తనే. కూలి పెంచమని గేటు ముందు బైఠాయించి గెలిచిందీ తనే. గెలిచిన నెల తిరక్కముందే సగం మంది ఆడవాళ్లకు పని లేదన్నారు. ఆ సగంలో మొదటి పేరు ఆమెది.

అంతకు కొన్నాళ్ల ముందు యూనియన్ల సమాఖ్య సభకని బెంగళూరు పోయింది. దేశదేశాల నుంచి కార్మికులు వచ్చారు. బంగ్లాదేశ్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకావిడ మాట్లాడితే పక్కన ఇంకొకరు తెలుగులో చెబుతూ వచ్చారు. మా దేశంలో పెద్ద ఫ్యాక్టరీల్లోంచి పిల్లల్ని పంపేశారు, పొంగిపోయాం, తర్వాత చూస్తే ఊరి చివరి రేకుల షెడ్లలో ఆ పిల్లలే అవే బొత్తాలు కుడుతున్నారు అని ఆవిడ చెప్పింది. ఆఫ్రికా పత్తి చేలనుంచి వచ్చినాయన కూడా అలాంటిదే చెప్పాడు. అప్పుడు హుసేనమ్మ మైకు అందుకుంది. మా ఆదోనిలో, నేను పని చేసే మిల్లులో ఒక్క పిల్ల లేదు, ఉండనియ్యం అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఇప్పుడు గుర్తొచ్చాయి.

“సరే. మిల్లు సంగతి విడిసిపెట్టు,” అంది. “ఊర్లలోనుంచి పిల్లోల్లను ఏరుకొచ్చేవాడు ఒకడుంటాడు కదా. వాని పేరు సెప్పు. రాణి ఒక్కతే కాదు ప్రేమా. మత్తు దిగేటప్పుడు పార్వతీ, పార్వతీ అని పిలిసింది. ఇంకా ఎవురెవుర్నో పిలిసింది. వాళ్లంతా ఇప్పుడు గూడా మిల్లు వెనక షెడ్డులో ఉండారు. వాడు దొరికితే వాళ్లన్నా బయటపడతారు.”

ప్రేమలత తలెత్తలేదు.

“నీకు తెల్సా?”

“అడగొద్దు వదినా.”

“తెల్సుండి సెప్పకుంటే యెట్లా?”

“అడగొద్దని సెప్తి కదా. నీ మంచికే సెప్తాండా.”

అప్పుడు గోడవైపు తిరిగి ఉన్న రాణి, తల తిప్పకుండానే, ఇంటికి వచ్చాక మొదటిసారి నోరు విప్పింది.

“మామను ఏం సేయొద్దత్తా.”

*

యంత్రంలో చేయి పడిన రోజు రాణిని ఆసుపత్రికి చేర్చింది ఈరేషే. మిల్లు దగ్గర ఉన్నాను, అరుపులు విని లోపలికి పరుగెత్తాను, చూస్తే మన రాణి అని చెప్పాడు. సమయానికి మొగుడు అక్కడ ఉండబట్టి పిల్ల ప్రాణం దక్కిందని హుసేనమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. పిల్ల ఆ మిల్లులోకి ఎలా వచ్చిందని ఊరందరినీ అడిగింది. మొగుణ్ని మాత్రం అడగాలని తోచలేదు.

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి ఈరేష్ వెనక సీటు మీద నీళ్లు కొడుతున్నాడు. సీటు ఎప్పుడో తెల్లబడింది. రక్తపు మరకన్నది ఎక్కడా లేదు.

“కడిగింది సాలు,” అంది హుసేనమ్మ.

అతను బకెట్టు కింద పెట్టాడు. ఆమె ముఖం చూశాడు. ఇక దాచేది లేదని అర్థమైనట్టుంది, ఆటో అంచు మీద కూలబడ్డాడు.

“ఇనేసినావు. ఇంక నన్నేం అడుగుతావు?”

“నీ నోటితో సెప్పు.”

చెప్పాడు. నేలచూపులు చూస్తూ, తడుముకుంటూ చెప్పాడు. పల్లెల్లో పెద్దవాళ్లంతా సుగ్గికి పోయారు. ముసలివాళ్లూ పిల్లలే మిగిలారు. మిల్లుకు మనుషుల్ని తెమ్మని ధనుంజయ రోజూ సతాయించేవాడు. పెద్దవాళ్లు దొరకడం లేదంటే, పిల్లలైనా పరవాలేదు, వెనక షెడ్డులో కూర్చుని పత్తిలో కసువు ఏరడమే కదా, యంత్రాల దగ్గరికి పంపం అన్నాడు. ఈరేష్ ఆ మాట నమ్మాడు. నమ్మడం సులువుగా ఉండింది కాబట్టి నమ్మాడు. తెల్లారేసరికి పల్లెలు తిరిగి ఎక్కించుకురావడం, పొద్దుగూకితే దింపిరావడం. దారిలో అందరికీ బన్నులు కొనిపెట్టేవాడు. ఆ సంగతి అతను చెబుతుంటే హుసేనమ్మ కళ్లు మూసుకుంది.

“రాణిని గూడా నువ్వే ఎక్కించుకున్నావా?”

“మీ యమ్మే ఎక్కించింది. ఇంట్లో గింజల్లేవు, ఈ పిల్లను గూడా తీస్కపో నాయనా అనింది. నేను వద్దంటి. రెండు దినాలు వద్దంటి. మూడో దినం పిల్లే వచ్చి ఎక్కి కూర్చుంది.”

“నాకేమిటికి సెప్పలేదు?”

“సెప్తే ఏం సేసుందువు? మైకు పట్టుకొని సెప్పుందువు.”

ఆ మాట అన్నాక అతనికి ఎక్కడలేని తెగింపు వచ్చింది. లేచి నిలబడ్డాడు. గొంతు మాత్రం పెంచలేదు.

“మీరు గేటు కాడ కూర్చుంటిరి. సావుకారి కూలి పెంచినాడు. పెంచినట్లే పెంచి ఆడోల్లను తీసేసినాడు, వాళ్ల పనికి పిల్లోల్లను పెట్టుకున్నాడు. నేను తెచ్చింది నిజమే. ఆ తావు ఖాళీ సేసిచ్చింది ఎవురు? ఏడాది నుంచి నువ్వు యూనియనని తిరుగుతాండావు. ఈ ఇల్లు దేని మీద నడుస్తాండాదని ఒకనాడన్నా అడిగినావా?”

అడగలేదు. ఆటో బాగా తిరుగుతోందనుకుంది. యూనియన్ పనిమీద బయలుదేరుతుంటే బస్సు ఛార్జీలకని అతను చేతిలో పెట్టిన నోట్లు మడిచి జాకెట్లో దోపుకుంది. ఆ నోట్లు పెట్టుకునే ఊరూరా తిరిగి, పిల్లల్ని పనికి పంపొద్దని చెప్పి వచ్చింది.

రోడ్డు మీద పత్తి బోరాల లారీ ఒకటి మార్కెట్ యార్డు వైపు పోయింది. దాని మీది దూది రేణువులు గాలిలో తేలి వచ్చి ఆటో తడి సీటు మీద అతుక్కున్నాయి.

ఈరేష్ జేబులో ఫోను మోగింది. చూసుకున్నాడు. అవతలికి పోయి, వీపు తిప్పి, ఊ, ఊ అని విన్నాడు. తర్వాత ఆమెవైపు చూడకుండా ఆటో ఎక్కి స్టార్ట్ చేశాడు.

ముఖం చూపించలేక పోతున్నాడనుకుంది హుసేనమ్మ. ఆపలేదు.

*

ఆఫీసరమ్మ కంటే ముందు జయన్న వచ్చాడు. మార్కెట్ యార్డులో మూటలు మోసి మోసి వీపు వంగిన మనిషి. హుసేనమ్మకు యూనియన్ అన్న మాట నేర్పింది అతనే. ఇప్పుడు యూనియన్ కార్యదర్శి. వాకిట్లో ఆమెను చూడగానే ఏదో జరిగిందని పసిగట్టాడు. ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

జయన్న తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరూ వినకుండా, తన మనసులో ఉన్నది చెప్పాడు. ఆటోలో వచ్చిందని చెప్పు, ఎవరి ఆటో అన్నది చెప్పాల్సిన పని లేదు. పేరు బయటపడితే సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: యూనియన్ అధ్యక్షురాలి మొగుడే పిల్లల్ని అమ్ముకున్నాడని. బాలకృష్ణయ్యకు కావలసింది అదే. మిల్లు తప్పు మాటున పడిపోతుంది. ఇన్నేళ్లు కట్టిన యూనియన్ ఒక్క పూటలో పోతుంది. మళ్లీ ఏ ఆడమనిషీ మన మాట నమ్మి గేటు దగ్గరికి రాదు.

అతను చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు.

“నా మొగుడు కాకుండా ఇంకెవుడన్నా అయింటే,” అని అడిగింది హుసేనమ్మ, “వాని పేరు సెప్పొద్దనుందువా జయన్నా?”

జయన్న తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

లేబర్ ఆఫీసర్ పావని జీపు దిగి వచ్చింది. వయసులో చిన్నది. ఎండకు కమిలిన ముఖం. కుర్చీ వేస్తే వద్దని రాణి మంచం పక్కనే నేలమీద కూర్చుంది. పేరు అడిగింది, ఏ తరగతని అడిగింది, నొప్పిగా ఉందా అని అడిగింది. తర్వాత మిల్లులోకి ఎందుకు పోయావమ్మా అని అడిగింది.

రాణి తన తల్లి ముఖంలోకి చూసింది.

“ఆడుకుంటా పోయినా.”

“ఎవరితో వచ్చావు ఆదోనికి?”

“ఎవురూ లేరు. నేనే వచ్చినా.”

“లోపల ఇంకా పిల్లలున్నారా?”

“లేరు.”

నేర్పిన మాటలు పిల్ల తడబడకుండా అప్పజెప్పింది. ప్రేమలత కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మానికి ఆనుకుని ఉంది. పావని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఇలాంటి ఇళ్లు ఆమె చాలా చూసినట్టుంది. మీరు ఇలా చెబితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు అని, అది బెదిరింపులా కాకుండా బాధగానే అంది. లేవబోయింది.

“ఆ పిల్ల నా కోసం అబద్ధమాడుతాంది మేడం,” అంది హుసేనమ్మ.

జయన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“దాన్ని మిల్లుకు తెచ్చింది నా మొగుడు. ఈరేష్ పేరు. ఇంకా పిల్లోల్లను గూడా తెచ్చినాడు. పార్వతని ఒక పిల్ల, ఇంకా ఉండారు. అందరూ వెనక షెడ్డులోనే ఉంటారు. వానిది పసుపుపచ్చ ఆటో. ఆ ఆటోలోనే తెచ్చినాడు.”

రాణి కళ్లు విప్పార్చి మేనత్తను చూసింది. ఆ చూపులో భయం ఉంది. భయంకంటే ఎక్కువగా కోపం ఉంది. తర్వాత దుప్పటి ముఖంమీదికి లాక్కుంది. ప్రేమలత ఆఫీసరమ్మ కాళ్ల దగ్గర కూలబడి, నిజమేనమ్మా, కర్నూలు ఆపరేషన్ ఆశపెట్టి నాచేత ఇట్లా చెప్పించారమ్మా అని ఏడ్చింది.

పావని ఆమెను లేవదీసింది. హుసేనమ్మవైపు తిరిగింది.

“ఆటో ఎక్కడుంది? నేను వచ్చేటప్పుడు బయట లేదే.”

అప్పుడు హుసేనమ్మకు పొద్దున ఈరేష్‌కు వచ్చిన ఫోను గుర్తొచ్చింది.

*

మిల్లు గేటు దగ్గర ధనుంజయ ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. అంతా చూసుకోండి మేడం అని తనే దగ్గరుండి తిప్పాడు. రాణి చేయి తీసుకున్న యంత్రం మీద పట్టా కప్పి ఉంది. రిపేరు అన్నాడు. వెనక షెడ్డు తలుపు తానే తీశాడు.

లోపల ఎవరూ లేరు. శుభ్రంగా ఊడ్చి ఉంది. మూల కొంచెం పత్తి కుప్ప, దానిమీద రేకుల సందుల్లోంచి పడే ఎండ. ఈ షెడ్డు వాడకంలో లేదని చెప్పాడు ధనుంజయ. పావని అతన్ని కాసేపు గుచ్చి గుచ్చి అడిగింది. అన్నిటికీ జవాబులున్నాయి అతని దగ్గర.

అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్లలో చాలామంది హుసేనమ్మకు తెలిసినవాళ్లే. ఒకప్పుడు ఆమె పిలిస్తే గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నవాళ్లు. ఇవాళ ఎవరూ తలెత్తి చూడలేదు. చేతిలో పని చేతిలోనే ఉంది. ఆమెకు వాళ్లమీద కోపం రాలేదు. తలెత్తితే రేపటినుంచి రావద్దంటారని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

బయటికి వస్తుంటే ఒకామె వెనకనుంచి పరుగెత్తుకొచ్చింది. చెన్నమ్మ. పత్తి బేళ్లు కట్టే చోట పని. చూస్తున్న ధనుంజయను లెక్కచేయకుండా వచ్చి హుసేనమ్మ రెండు భుజాలూ పట్టుకుంది.

“నా పార్వతిని యాడికి తోలకపోయినాడు నీ మొగుడు?”

పొద్దున పని మొదలైన కాసేపటికే ఎవరో ఫోను చేశారు, వెనక షెడ్డు పిల్లలందర్నీ బిలబిలమని బయటికి తరిమారు, ఈరేష్ ఆటో వచ్చింది, ఎక్కించుకుంది, ఎమ్మిగనూరు దారి పట్టింది. చెన్నమ్మ ఇక్కడినుంచి చూస్తూనే ఉంది. ఇళ్లకు పంపుతున్నారేమో అనుకుంది. కానీ వాళ్ల ఊరిదారి అది కాదు. అప్పటినుంచి పని చేస్తూనే ఉంది, చేతులు ఆడుతూనే ఉన్నాయి, లోపల ప్రాణం మాత్రం లేదు.

“నా బిడ్డను పనికి పెట్టినందుకు నన్ను జైల్లో పెట్టుకోండి. దాన్ని తెచ్చియ్యండి సాలు,” అంది పావనితో.

పావని అప్పటికే పోలీస్ స్టేషన్‌కు ఫోను చేస్తోంది. ఆమె మాట్లాడుతుండగానే హుసేనమ్మ చేతిలో ఫోను మోగింది.

ఈరేష్.

గాలి హోరులో అతని గొంతు సరిగా వినపడలేదు. ఎమ్మిగనూరు దాటానన్నాడు. రాయచూరు వైపు నుంచి వ్యాను వస్తోందట, పిల్లల్ని అందులో ఎక్కించమన్నారట, అక్కడ ఇంకేదో మిల్లుందట, గొడవ సద్దుమణిగేదాకా అక్కడే ఉంచుతారట. ఇళ్లలో ఎవరికీ చెప్పలేదు. వెనక పిల్లలు ఏడుస్తున్నారు. ఆ ఏడుపు ఫోనులో వినిపిస్తూనే ఉంది.

“హుసేనీ, ఒక మాట అడుగుతా. నిజం సెప్పు,” అన్నాడు. “ఆఫీసరమ్మకు నా పేరు సెప్పినావా?”

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

“సెప్పింటే సెప్పినానని సెప్పు. వీళ్లను వ్యానెక్కించి నేను గూడా అట్లే పోతా. ఇంక ఆదోని ముఖం సూసేది లేదు. సెప్పకుంటే వాపస్ వస్తా. ఎవురి బిడ్డను వాళ్లకు అప్పజెప్పి నీ కాళ్లమీద పడతా. నాకు గూడా శాతకావడం లేదే ఇది.”

పావని దగ్గరికొచ్చి, ఎక్కడున్నాడో అడగమని సైగ చేసింది. పోలీసులు ఆదోని నుంచి బయలుదేరేలోగా వ్యాను జిల్లా దాటిపోతుందని హుసేనమ్మకు తెలుసు. చెన్నమ్మ ఇంకా ఆమె భుజం వదల్లేదు. ఆ వేళ్లు ఎముకలోకి దిగుతున్నాయి.

కాపురానికి వచ్చింది మొదలు ఆ మనిషితో ఆమె ఒక్క అబద్ధమాడలేదు. ఆడే అవసరం రాలేదు. అతను అమాయకుడు. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. ఆ నమ్మడంవల్లే ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు కూడా నమ్ముతాడు.

“సెప్పలేదు,” అంది. “ఎవురికీ సెప్పలేదు. నీ పేరు యెట్ల సెప్తానబ్బా? ఆఫీసరమ్మ వచ్చింది, రాణి ఆడుకుంటా పోయినానని సెప్పింది, రాసుకొని పోయింది. నువ్వు రా. పిల్లోల్లను తీస్కొని సక్కగా ఇంటికి రా.”

“వస్తాండా,” అన్నాడు ఈరేష్. అతను ఏడుస్తున్నాడని గొంతులో తెలిసింది. “పొద్దట్నుంచి పిల్లోల్లు ఏం తినలేదు. అన్నం వండిపెట్టు.”

*

పోలీసు జీపు హుసేనమ్మ ఇంటి పక్క సందులోకి వెనక్కి నడిపి నిలిపారు. మెయిన్ రోడ్డు నుంచి కనపడదు. పావని, జయన్న ఎదురింటి లోపల కూర్చున్నారు. జయన్న ఒక్కసారి మాత్రం, వస్తాడంటావా అని అడిగాడు. వస్తాడని చెప్పింది.

చెన్నమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది, లోపలికి రమ్మంటే రాలేదు.

హుసేనమ్మ ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నె తీసి పొయ్యిమీద పెట్టింది. ప్రేమలత అడక్కుండానే వచ్చి బియ్యం కడిగింది. ఎసరు కాగుతుంటే హుసేనమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. అతను ఆకలితో వస్తున్నాడు. రాగానే సంకెళ్లు వేస్తారు. తినేదాకా ఆగమని పావనిని అడగాలని ఉంది. అడిగే ముఖం లేదు.

“ఆ సందులో పోలీసోల్లు ఏమిటికి ఉండారు?”

వెనక్కి తిరిగి చూసింది. రాణి మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆ మంచం పక్క చిన్న కిటికీ సందులోకే తెరుచుకుంటుంది.

ప్రేమలత కూతురి దగ్గరికి పోయి పడుకోమంది. రాణి పడుకోలేదు. తల్లిని, మేనత్తను, పొయ్యిమీది పెద్ద గిన్నెను చూసింది. పిల్లకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“మామను పిలిపించినావా?”

“రాణీ, పార్వతోల్లు గూడా వస్తాండారు. వాళ్లు ఇంటికి రావాల్ల కదమ్మా,” అంది హుసేనమ్మ.

రాణి కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని మంచం దిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక తనంత తాను లేవడం అదే మొదటిసారి. తూలింది. ప్రేమలత పట్టుకోబోతే విదిలించుకుంది. గుమ్మం దాటి, చెన్నమ్మను దాటి, వాకిలి అంచు దాకా పోయి నిలబడింది.

రోడ్డు మలుపులో ఆటో చప్పుడు వినిపించింది.

హుసేనమ్మ గరిటె వదిలేసి బయటికి పరుగెత్తింది. వీధి చివర పసుపుపచ్చ ఆటో ఆగి ఉంది. రెండువైపులా పరదాలు దించి ఉన్నాయి. లోపల పిల్లలున్నారో లేదో కనపడటం లేదు. ఇంజను ఆపలేదు. ముందు సీట్లో ఈరేష్ వాకిట్లో నిలబడిన రాణినే చూస్తున్నాడు.

రాణి ఎడమ చేయి పైకెత్తింది.

రమ్మని పిలుస్తోందో, పొమ్మని చెబుతోందో వెనక ఉన్న హుసేనమ్మకు తెలియలేదు.